తాతల మూల

మా తబావా అత్త చేతిలో ఓడిపోని మనిషి మా పేటలో లేరు. ఇవాళ మీసాలు నెరిసిన వాళ్ళు కూడా ఒకప్పుడు ఆవిడ ఎదుట గొంతుక్కూర్చుని, ముక్కు ఎగబీలుస్తూ, మట్టిలో గుంటల వంక చూస్తూ ఓడినవాళ్ళే. ఎంత చిన్నపిల్లయినా సరే, జ్వరం నుంచి నిన్ననే లేచిన పిల్లయినా సరే, అత్త గెలవనిచ్చేది కాదు. "పసిది కదత్తా, ఈ ఒక్కసారికి వదిలెయ్" అని ఎవరైనా అంటే, "ఇవాళ నేను వదిలేస్తాను. రేపు దీన్ని ఎవరు వదుల్తారే?" అనేది.

అలా అనడానికి ఆవిడకు హక్కుంది. కన్నవాళ్ళలో హన్నతు ఒక్కతే మిగిలింది. మిగతా పిల్లలు ఒకరి వెనక ఒకరు పోయారు. మొగుణ్ణి బెన్యూ నది తీసుకుంది, ఆయన వలను మాత్రం ఒడ్డున పడేసి పోయింది. అత్త ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, ఆ వలను కల్లు కుండల మీద గాలికి మూతలు ఎగరకుండా కట్టుకుంది. ఆవిడ జొన్నకల్లు కోసం పై ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. జొన్నలు నానబెట్టాలి, మొలకెత్తించాలి, ఎండబెట్టాలి, విసరాలి, కాచాలి, పులియబెట్టాలి. అందులో సగం పని కాచుకు కూర్చోవడమే. ఆ కూర్చున్నంతసేపూ పిల్లల్ని పిలిచి ఆడేది.

ఆటంటే పెద్దదేం కాదు. మట్టిలో మూడు వరసల గుంటలు, వరసకు మూడు. చెరి మూడు కుండపెంకులు. ముందు ఒకరి తర్వాత ఒకరు పెట్టుకోవాలి, ఆ తర్వాత ఖాళీగా ఉన్న పక్క గుంటలోకి జరుపుకుంటూ పోవాలి. ఎవరి మూడు పెంకులు ముందు ఒక గీతలో పడితే వాళ్ళు "వరస" అనాలి, అంతే. అత్త పెంకు నడిమి గుంటలో పడిందంటే మాత్రం ఇక దాన్ని ఏనుగు కూడా కదపలేదు. మిగతా రెండింటినీ అటూ ఇటూ నడిపించి, మన ఊపిరాడకుండా చేసి, చివరికి చెరువులో చేపను తీసినట్టు ఆట తీసేది.

ఓడినవాళ్ళ సంగతి మా ఇంట్లో వేరు. లోగిట్లో, చనిపోయిన తాతలకు కల్లు పోసే చోట చాప దడి ఉంటుంది, ఆ దడి బయటి మూలకు పోయి గోడకు ఆనుకుని కూర్చోవాలి. గెలిచినవాళ్ళు వచ్చి, వాళ్ళ నోటితో వాళ్ళే "రా, తిందువుగాని" అనేదాకా అక్కణ్ణుంచి లేవకూడదు. ఇది అత్తకు వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి. పక్క లోగిళ్ళలో లేదు, వాళ్ళు ఓడితే నవ్వుకుని ఇంకో ఆట ఆడుకుంటారు. అత్త మాత్రం పెంకులు ఏరుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "పో, తాతల దగ్గరికి పో" అనేది. మేమంతా ఆ మాట విని పెరిగినవాళ్ళమే. నేనైతే లెక్కలేనన్నిసార్లు విన్నాను, ఎందుకంటే ఓడిపోతున్నానని తెలియగానే కాలితో గుంటలన్నీ పూడ్చేసేదాన్ని. దానికి రెండింతల సేపు కూర్చోబెట్టేది. "లరాయికి ఆడటం రాదు, చెడగొట్టడం వచ్చు" అని నాకు పేరు.

ఒకసారి పక్కింటి మేక వచ్చి ఆట మధ్యలోంచి నడిచిపోయింది. మా అన్నా అత్తా ఆడుతున్నారు. పెంకులు చెదిరిపోయాయి. మా అన్నకు పండగే, ఓటమి తప్పిందనుకున్నాడు. అత్త కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. "మూడోవాళ్ళు చెరిపితే ఆట మూడోవాళ్ళది. మేక గెలిచింది. లే, ఇద్దరం పోదాం." నిజంగానే లేచి, మా అన్న చెయ్యి పట్టుకుని పోయి మూలలో కూర్చుంది. మేక నోటితో మేక పిలవాలట. అదేమో పెండలం తొక్కలు నములుతూ ఉండిపోయింది. పొయ్యి మీద కల్లు పొంగిపోతోంది, కొనుక్కునేవాళ్ళు వచ్చి నిలబడ్డారు, అత్త కదలదు. చివరికి నేనే పోయి దాని తోక మెలిపెడితే అరిచింది. "పిలిచింది, పద" అని అత్త లేచింది. ఆ రోజు పేటంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. పద్ధతంటే ఆవిడకు అంత పట్టింపు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రిఫ్కాను పాము కరిచిన రోజున అత్తకు ఏమయిందో అర్థం కావాలంటే ఇదంతా తెలియాలి.

రిఫ్కా హన్నతు కూతురు. పాలపళ్ళు ఊడుతున్న వయసు. తండ్రి లారీ మీద ఎక్కడో దూరాన ఉండేవాడు, తల్లి చేపలు ఎండబెట్టే పనికి పోయేది, పిల్ల పొద్దస్తమానం అమ్మమ్మ కుండల మధ్యనే. అత్తను గెలవాలని దానికి పిచ్చి పట్టింది. అన్నం తింటూ కూడా సంకటి ముద్ద మీద వేలితో గుంటలు పెట్టి ఆలోచించేది.

దుమ్ముగాలి రోజులవి. ఆ ఉదయం కూడా ఓడింది. అత్త పెంకులు ఏరుకుంటూ ఎప్పటి మాటే అంది.

"పో, తాతల దగ్గరికి పో."

"నా పెంకులు మంచివి కావు" అంది రిఫ్కా. "ఇంకో మూడు తెచ్చుకుంటా. అప్పుడు చూడు నీ పని."

"తెచ్చుకుందువులే. ముందు తాతల దగ్గరికి పోవే అంటుంటే."

పిల్ల మూలకు పోలేదు. ఇంటి వెనక పగిలిన కల్లుకుండల గుట్ట ఉంటుంది, అక్కడికి పోయింది. పెంకుల కింద పింజరి పాము పడుకుని ఉంది. పాదం మీద కాటు వేసింది.

నేను పోయేసరికి ఎవరో గుడ్డ కట్టారు, ఇంకెవరో విషం లాగుతుందని కాటు మీద నల్లరాయి అంటించారు. నేను తిట్టి రాయి పీకేసి, పిల్లను భుజాన వేసుకుని రేవుకు పరిగెత్తాను. మందు అవతలి ఒడ్డున ఆసుపత్రిలో ఉంటుంది, ఇంకెక్కడా దొరకదు. ఫోన్లు లేని రోజులు. ఇంజను పడవ ఒక్కటే, రేవు దాటించే అంగ్యూది, అదేమో అవతల రేవులో సంతజనం కోసం ఆగి ఉంది. చేపల వాళ్ళ చిన్న పడవలన్నీ ఎగువకు పోయాయి. తెల్లటి దుమ్ములో అవతలి ఒడ్డు సరిగా కనిపించదు. మేము చేతులూపాం, గుడ్డలూపాం, ఎండుగడ్డికి నిప్పు పెట్టి పొగ పెట్టాం. ఎవరు చూస్తారు ఆ దుమ్ములో?

హన్నతు చేపల బల్ల దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి ఇసుకలో కూలబడింది. పిల్ల కాలు అప్పటికే మోకాలిదాకా ఉబ్బింది. పంటి చిగుళ్ళలో నెత్తురు కనబడుతోంది. కళ్ళు మూసుకుపోతున్నాయి.

"పడుకోనివ్వకండి" అంది ఎవరో ముసలావిడ. "నిద్రపోతే ఇక లేవదు."

 అత్త మా వెనకే వచ్చింది, కాళ్ళకు చెప్పుల్లేవు. నా పక్కకు వచ్చి నా చెవిలో అంది, "పాము కాదే లరాయీ కరిచింది. నా నోరు."

"ఇప్పుడా మాటలు?"

"తాతల దగ్గరికి పొమ్మన్నా. ఒకసారి కాదు, రెండుసార్లు. మూలకు పోకుండా వాళ్ళ దగ్గరికే బయల్దేరింది."

నేను ఆవిడ మొహం వంక తిరిగాను. నా చిన్నప్పట్నుంచీ ఆవిడ భయపడటం నేను చూడలేదు. మొగుడి శవం దొరకని రోజున కూడా నిటారుగానే నిలబడింది. ఇప్పుడు పెదవులు వణుకుతున్నాయి. గబగబా ఇసుకలో కూర్చుని, వేలితో తొమ్మిది గుంటలు గుచ్చింది. నడుముకు చుట్టుకున్న గుడ్డ కొంగులోంచి పెంకులు తీసింది. పిల్లను నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

"రిఫ్కా, లే. ఆడదాం."

పిల్ల కళ్ళు తెరిచింది. ఆట అన్న మాటకు తెరిచింది, తల్లి పిలిస్తే తెరవలేదు.

అత్త ఆలోచన నాకు అప్పుడే అర్థమయింది. పిల్ల గెలవాలి. తను ఓడాలి. ఓడి, తాతల దగ్గరికి తాను పోవాలి, అప్పుడు పిల్ల మీద పడ్డ మాట తన మీదికి వస్తుంది. అంతే ఆవిడకు తోచింది. పిచ్చి ఆలోచన అనుకున్నాను, అనుకుంటూనే, కానివ్వు దేవుడా, ఏదో ఒకటి కానివ్వు అనుకున్నాను.

కానీ ఆవిడకు ఓడటం రాదు. జన్మలో నేర్చుకోలేదు. పెంకు పెట్టబోతే చెయ్యి తనంతట తానే నడిమి గుంట మీదికి పోతోంది. అక్కడ పెట్టేసింది. పెట్టాక చూసుకుని, పక్కకు జరపబోయింది.

"అమ్మమ్మా" అంది రిఫ్కా, నాలుక మడతపడుతూ. "సరిగ్గా ఆడు."

"సరిగ్గానే ఆడుతున్నానే."

"నడిమి పెంకు తీస్తున్నావు. దొంగాట నాకొద్దు."

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏం చేస్తుంది? సరిగ్గా ఆడితే తను గెలుస్తుంది, మాట పిల్ల మీదే ఉంటుంది. వదిలేస్తే పిల్లకు తెలిసిపోతుంది, ఆడనంటుంది, నిద్రపోతుంది. నడిమి పెంకును అక్కడే ఉంచి, గెలిచే గుంట కళ్ళెదుట ఉన్నా దాన్ని తప్పించుకుంటూ, మిగతా పెంకుల్ని పక్కకీ వెనక్కీ జరుపుతూ ఉండిపోయింది. పిల్ల వేలు కదపడానికి ఒకో యుగం పట్టేది. మధ్యలో తల నా గుండె మీదికి వాలిపోయేది, నేను చెంపలు తట్టేదాన్ని, అత్త "నీ వంతే" అనేది, పిల్ల మళ్ళీ వేలు చాచేది. హన్నతు నీళ్ళ అంచున నిలబడి పడవ, పడవ అని అరుస్తూనే ఉంది. గొంతు పోయింది, అయినా అరుస్తోంది.

చివరికి పడవ వచ్చింది. అంగ్యూ ఒడ్డున ఉన్న మమ్మల్ని చూసి, సంతజనాన్ని మూటలతో సహా నీళ్ళలోకి దించేసి, "ఎక్కండి, ఎక్కండి" అన్నాడు.

నేను లేవబోతే అత్త నా మోకాలు పట్టుకుంది.

"ఆట అవలేదు."

"అత్తా, పడవొచ్చింది."

"ఇప్పుడు లేస్తే ఆ మాట దాని మీదే ఉండిపోతుందే. కాసేపు. రెండు ఎత్తులు. ఓడిపోతున్నా, చూడు, ఓడిపోతున్నా."

"పిల్ల చచ్చిపోతోందత్తా."

"అందుకే కదే" అని ఏడ్చింది.

ఆవిడ పట్టు మీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. చిన్నప్పటి కోపమంతా కాల్లోకి దిగింది. గుంటలూ పెంకులూ కలిపి ఒక్క తన్ను తన్నాను. ఇసుక అత్త మొహాన పడింది. పిల్లను ఎత్తుకుని పడవలోకి దూకాను, హన్నతు నా వెనకే ఎక్కింది. ఆవిడ రెండు చేతులతో ఇసుకలో పెంకులు వెతుక్కుంటుంటే, అంగ్యూ ఆవిడను మూటను ఎత్తినట్టు ఎత్తి పడవలో వేశాడు.

నది మధ్యకు వచ్చాక చూశాను. పడవ చెక్క మీద, చేపల జిగురులో, అత్త వేలితో గుంటలు గీసింది. ఏ పెంకు ఎక్కడుందో అన్నీ జ్ఞాపకమే ఆవిడకు. దొరికిన పెంకులు తక్కువైతే హన్నతు చెవిపోగు ఊడదీసి పెట్టింది. పిల్ల వేలిని తన వేళ్ళతో పట్టుకుని, తన నడిమి పెంకును పక్కకు జరిపింది. నడిమి గుంట ఖాళీ అయింది. పిల్ల వేలు దాని పెంకును అందులోకి నెట్టిందో, అత్తే నెట్టించిందో, నేను చూశాను గానీ చెప్పను.

"వరస" అంది అత్త, పిల్ల బదులు తనే. "గెలిచావు తల్లీ. ఓడిపోయాను. నేను పోతున్నా తాతల దగ్గరికి, నేనే పోతున్నా."

పిల్ల కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. 

ఆసుపత్రి వాళ్ళు మందు ఎక్కించారు. ఒక సీసా చాలదన్నారు, ఇంకొకటి తెప్పిస్తున్నామన్నారు. పిల్లకు స్పృహ లేదు. గాజుగొట్టంలో తీసిన నెత్తురు గడ్డకట్టడం లేదని, ఊరికే నీళ్ళలా ఉండిపోయిందని చూపించారు. అత్త అది చూసి, ఎవరికీ చెప్పకుండా వెనక్కి తిరిగి రేవుకు నడిచిపోయింది.

నేను సాయంత్రం పడవకు ఇంటికి వచ్చేసరికి మూలలో ఉంది. గోడకు వీపానించి, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, ఓడిన పిల్లలు కూర్చున్నట్టే కూర్చుంది. నేను సంకటీ బెండకాయ పులుసూ తెచ్చి ముందు పెట్టాను.

"పిలిచిందా?" అంది.

"స్పృహే లేదత్తా, ఎలా పిలుస్తుంది?"

"అయితే తీసెయ్."

ఆ తర్వాతి రోజుల లాంటివి మళ్ళీ చూడాలని నేను కోరుకోను. అవతల పిల్ల ఉబ్బిన కాలితో, నల్లబడ్డ వేళ్ళతో, నోట్లోంచి నెత్తురు కారుతూ పడుంది. ఇవతల ఈవిడ తిండి ముట్టదు. నీళ్ళు తాగేది, అది కూడా నేను నోటి దగ్గర పెట్టి బండబూతులు తిడితే. మొలకెత్తిన జొన్నలు ఎండబెట్టేవాళ్ళు లేక బూజు పట్టాయి. కల్లు కోసం వచ్చినవాళ్ళు దడి దగ్గర ఆవిడను చూసి చప్పుడు చెయ్యకుండా వెనక్కి పోయారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, "తినమ్మా, దేవుడు వద్దనడు" అన్నాడు. "దేవుడు కాదయ్యా గెలిచింది, మా పిల్ల" అందిట.

ఒకరోజు అబద్ధం చెప్పాను. "రిఫ్కా లేచింది, నిన్ను తినమంది" అన్నాను. నా మొహం వంక చూసి, "అబద్ధం చెప్పడం కూడా రాదే నీకు" అని కళ్ళు మూసుకుంది. ఆ రాత్రి నేను నా ఇంట్లో, నా మొగుడు వింటాడని కూడా సిగ్గుపడకుండా ఏడ్చాను. రెండు శవాలకూ నేనే నీళ్ళు పోయాలి కాబోలు అనుకున్నాను. ఒకరు పోతే రెండోవాళ్ళు ఉండరని నాకు తెలుసు.

పిల్ల బతికింది. రెండో సీసా వచ్చింది, నెత్తురు గడ్డకట్టింది. కాలివేళ్ళు రెండు తీసేశారు. కళ్ళు తెరిచిందని తెలిసిన రోజున పోయి, "అమ్మమ్మను తినమని చెప్పనా?" అని అడిగాను. పిల్ల తల అటు తిప్పుకుంది. నీరసం అనుకున్నాను. అత్తకు చెబితే, "దాని నోటితో అది చెప్పాలి. నువ్వు మోసుకొస్తే మాట చల్లారిపోతుంది" అంది. అప్పటికి ఆవిడ నోటి దగ్గర నా చెవి పెడితే గానీ గొంతు వినపడటం లేదు.

హన్నతు పిల్లను వీపున కట్టుకుని ఇల్లు చేరిన రోజున లోగిలి నిండా జనం. నేను ముందే సంకటి కెలికి, ఎండుచేపల పులుసు కాచి ఉంచాను. అందరూ తోవ ఇచ్చారు. పిల్లను మూల ఎదుట దించారు. కట్టుకట్టిన పాదం నేలకు ఆనించకుండా నా నడుం పట్టుకుని నిలబడింది. అత్త తల ఎత్తింది. ఎముకలే ఉన్నాయి ఆవిడలో, కళ్ళు మాత్రం పిల్లను తడుముతున్నాయి.

"పిలువు తల్లీ" అంది హన్నతు.

రిఫ్కా పిలవలేదు.

"అమ్మమ్మా, పడవలో నడిమి గుంట ఎందుకు వదిలావు?"

"మర్చిపోయా."

"నువ్వా?"

అత్త చూపు కట్టుపాదం మీదికి దించుకుంది.

"నేను గెలవలేదు" అంది రిఫ్కా. "గెలవకుండా పిలవకూడదని నువ్వే చెప్పావు. నేను పిలవను."

హన్నతు పిల్లను కొట్టబోయి ఆగింది. జనంలో ఎవరో "అయ్యో" అన్నారు. అత్తకు కోపం రాలేదు. రేవులో చూసిన భయమే మళ్ళీ ఆ మొహంలోకి వచ్చింది.

"అలా అనకే. నువ్వు గెలవలేదంటే ఆ మాట ఇంకా నీ మీదే ఉన్నట్టు."

"ఉంటే నేను కూడా కూర్చుంటా" అని, పిల్ల నా నడుం వదిలేసి, గెంతుకుంటూ పోయి అత్త పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. కట్టుపాదం ముందుకు చాపుకుంది. మొండితనంలో అచ్చం అమ్మమ్మే. ఇద్దరూ తిండి లేకుండా అక్కడే పోయేట్టున్నారు, చుట్టూ ఊరంతా చూస్తూ నిలబడేట్టుంది.

నా ఒళ్ళు మండిపోయింది. చేతిలో సంకటి గిన్నె ఉంది, అది వాళ్ళ ముందు దడాల్న పెట్టాను.

"రేవులో ఆట ఎవరు చెరిపారు?" అన్నాను.

జనం నా వంక తిరిగారు.

"అత్తా, నిన్నే. ఇసుకలో ఆట ఎవరు తన్నారు?"

"నువ్వు" అంది అత్త.

"పడవలో ఆడింది ఆట కాదని నీ మనవరాలే చెబుతోంది. ఇసుకలో ఆడింది ఆట. దాన్ని చెరిపింది నేను. నేను మీ ఇద్దరిలో ఒకదాన్నా?"

"కాదు."

"మూడోవాళ్ళు చెరిపితే ఆట ఎవరిది? ఆ రోజు మేక గెలిచిందన్నావు. మేక పిలిస్తే లేచావు. నేను మేక కంటే తక్కువదాన్నా?"

రిఫ్కా అమ్మమ్మ వంక చూసింది. పద్ధతి ఏంటో తెలుసుకోవాలని ఆ పిల్లకు నిజంగా ఉంది. అత్త చాప దడి వైపు తిరిగి, లోపల ఎవరినో అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఆగినట్టు చాలాసేపు చూసింది. 

"ఆట లరాయిది" అంది చివరికి. "ఓడింది మనమిద్దరం."

 పుట్టి బుద్ధెరిగాక ఆవిడ మీద ఒక్క ఆటా గెలవలేదు నేను. గెలిచినవాళ్ళ మాట నా నోటికి అలవాటు లేదు. కళ్ళు తుడుచుకున్నాను.

"రండి" అన్నాను. "ఇద్దరూ రండి, తిందురుగాని."

అత్త నా చెయ్యి పట్టుకుని లేవడానికి చూసింది, లేవలేకపోయింది. నేనే ఆవిడ పక్కన కూర్చుని ముద్ద కలిపి నోట్లో పెట్టాను. నమలడానికి చాలాసేపు పట్టింది. మింగాక నా వంక చూసి అంది.

"ఆ మేక కూడా ఇంత ఆలస్యం చెయ్యలేదే, లరాయీ."